బ్లేడా, ఎలక్ట్రిక్ షేవరా: రోజువారీ గడ్డానికి ఏది మేలు?

నురగ పట్టించి బ్లేడుతో గడ్డం గీసుకోవడం మేలా, ఎలక్ట్రిక్ షేవర్‌తో పని కానిచ్చుకోవడం మేలా అన్న చర్చ వచ్చినప్పుడల్లా మాట ముందుగా నున్నదనం మీదికే పోతుంది. ఏది ఎక్కువ నున్నగా గీస్తుందన్న దానికి జవాబు తేలికే: పదునైన బ్లేడు. ఇందులో వాదించవలసింది పెద్దగా లేదు. అయితే రోజువారీ అవసరానికి ఆ ఒక్క కొలత చాలదని, ఒక్కోసారి అది దారి తప్పిస్తుందని కూడా నా అభిప్రాయం. గడ్డం ఎన్ని రోజులకొకసారి గీస్తారు, మెడ మీది చర్మం ఎలాంటిది అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే ఎవరికి ఏది నప్పుతుందో చాలావరకు తేలిపోతుంది.

రెండు పద్ధతుల తేడా అంతా ఒక్క చోట మొదలవుతుంది. పదునుకూ చర్మానికీ మధ్య ఏముందన్నదే ఆ చోటు. బ్లేడు నేరుగా చర్మం మీద జారుతుంది. మధ్యనున్నది నీరు, నురగ కలిసిన పలుచని పొర మాత్రమే. అందువల్ల అది వెంట్రుకను చర్మంతో సమానంగా, అప్పుడప్పుడు అంతకన్నా కిందికి కూడా కోస్తుంది; పనిలో పనిగా చర్మం పై పొరలోని మృతకణాలను కొంత గీకి తీసుకుపోతుంది. ఎలక్ట్రిక్ షేవర్‌లోని కత్తులు చర్మాన్ని తాకవు. కాగితమంత పలుచని చిల్లుల రేకు అడ్డుగా ఉంటుంది. వెంట్రుక ఆ చిల్లులో దూరినప్పుడు లోపల కదులుతున్న కత్తి దాన్ని తెంపుతుంది. ఆ రేకు మందమంత వెంట్రుక ఎంత తిప్పినా మిగిలే ఉంటుంది. షేవర్‌తో గాట్లు తక్కువ పడడానికీ, సాయంత్రానికల్లా గరుకు చేతికి తగలడానికీ కారణం ఆ రేకే.

తడి పద్ధతిలో సగం పని నీరే చేస్తుంది. వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. పొడిగా ఉన్నంతసేపు బిరుసుగా ఉండి, నీరు పీల్చుకున్నాక ఉబ్బి మెత్తబడుతుంది, దాన్ని కోయడానికి కావలసిన బలమూ బాగా తగ్గుతుంది. కానీ ఆ నానడానికి రెండు మూడు నిమిషాలైనా పడుతుంది. ముఖాన నాలుగు చుక్కలు చల్లుకుని, నురగ పూసీ పూయగానే బ్లేడు పెట్టేవారు తడి పద్ధతిలోని కష్టమంతా పడి, దాని లాభాన్ని మాత్రం వదులుకుంటున్నారు. స్నానం అయ్యాక గీసుకోమని చర్మవైద్యులు చెప్పేది ఇందుకే. బ్రష్షు అవసరం కూడా ఇక్కడే తెలుస్తుంది: అది నీటిని వెంట్రుకల మొదళ్ల దాకా పట్టిస్తుంది, అణిగిపడి ఉన్న వెంట్రుకలను లేపుతుంది. డబ్బా నొక్కగానే పొంగుకొచ్చే నురగలో గాలి పాలు ఎక్కువ. బ్రష్షుతో చేసిన మంచి నురగ బుడగలు కనబడనంత చిక్కగా, కాస్త మెరుస్తూ ఉంటుంది; తెల్లగా, పొడిపొడిగా అనిపిస్తే బ్రష్షు కొనను నీటిలో ముంచి మళ్లీ తిప్పాలి.

ఇంత మెత్తని వెంట్రుక ఉక్కు బ్లేడును ఎలా మొద్దుబరుస్తుందన్నది ఆసక్తికరమైన సంగతి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో దీన్ని సూక్ష్మదర్శిని కింద పరిశీలించారు. బ్లేడు కన్నా వెంట్రుక దాదాపు 50 రెట్లు మెత్తన. కాబట్టి అంచు కొద్దికొద్దిగా అరిగిపోతుందని ఊహించడం సహజం. వారికి కనబడింది మాత్రం అరుగుదల కన్నా పెచ్చులూడడం: వెంట్రుక వంగి అంచును ఏటవాలుగా తాకినప్పుడు, ఉక్కు నిర్మాణంలో ఎగుడుదిగుడుగా ఉన్న చోట అంచు చిట్లుతోంది. నానబెట్టకుండా గీసేవారి బ్లేడు తొందరగా మొరాయిస్తుందని అనుభవజ్ఞులు చెప్పే మాటకూ దీనికీ పొంతన కుదురుతుందని నాకనిపిస్తుంది. అయిదు నుంచి ఏడు సార్లు గీసుకున్నాక బ్లేడు మార్చమని అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ సూచన. రోజూ గీసుకునేవారికి అది సుమారు వారానికొక బ్లేడు. పొదుపు కోసం ఒకే బ్లేడును నెలంతా లాగేవారు చర్మానికి మంట పెడుతోందని తడి పద్ధతిని తప్పుపట్టడం న్యాయం కాదు.

బ్లేడు అన్నప్పుడు ఏ బ్లేడు అన్నది కూడా చెప్పుకోవాలి. కింగ్ క్యాంప్ జిలెట్ 1904లో పేటెంటు పొందిన సేఫ్టీ రేజర్‌లో రెండంచుల పలుచని బ్లేడు ఒక్కటే ఉంటుంది, ఒక గీతకు ఒక అంచే చర్మాన్ని తాకుతుంది. మొదట్లో ఆ బ్లేడ్లు తుప్పుపట్టే కార్బన్ ఉక్కువి. 1960లలో స్టెయిన్‌లెస్ ఉక్కు వచ్చాక వాటి ఆయుష్షు పెరిగింది. 1971లో రెండు బ్లేడ్ల కార్ట్రిడ్జి (పిడికి తగిలించి, మొద్దుబారాక పారేసే బ్లేడ్ల తల), 1998లో మూడు బ్లేడ్లది, 2006లో అయిదు బ్లేడ్లది వచ్చాయి. ఈ లెక్క పెరుగుతున్న కొద్దీ సుఖమూ పెరుగుతుందని ప్రకటనలు నమ్మబలుకుతాయి. పనితీరు చూస్తే అలా తోచదు. ముందు బ్లేడు వెంట్రుకను కాస్త పైకి లాగి కోస్తుంది. అది వెనక్కి జారుకునేలోపే తరువాతి బ్లేడు మరోసారి కోస్తుంది. తెగిన కొన చర్మం కిందికి దిగిపోతుంది. గీసిన రోజున చెయ్యి జారేటంత నున్నదనం వస్తుంది, నిజమే. కానీ ఉంగరాల వెంట్రుకలున్నవారికి ఆ పదునైన కొన బయటికి రావలసిన దారి తప్పి లోపలికే పెరిగి పొక్కవుతుంది. మెడ మీద ఎర్రని పొక్కులు పదే పదే వస్తున్నవారు ముందుగా వదులుకోవలసింది ఈ మితిమీరిన నున్నదనాన్నే. తడి పద్ధతిని ఎంచుకునేవారికి, చేయి కుదురుకున్నాక, ఒంటి బ్లేడు సేఫ్టీ రేజరే మేలని నేనంటాను.

చేయి కుదురుకోవడం అన్నది చిన్న మాట కాదు. దవడ కింద వేలితో రాసి చూడండి: ఒకవైపు నున్నగా, దానికి ఎదురువైపు గరుకుగా తగులుతుంది. బుగ్గల మీద వెంట్రుకలు చాలామందికి కిందికే వాలి ఉంటాయి. మెడ దగ్గరికి వచ్చేసరికి కొందరికి పైకి, కొందరికి పక్కకు, మరికొందరికి గొంతుముడి పక్కన చిన్న సుడి తిరిగి పెరుగుతాయి. ఆ వాలు తెలియకుండా పైనుంచి కిందికి ఒకే ఊపులో లాగితే బుగ్గ మీద సాఫీగా నడిచిన బ్లేడే మెడ మీద ఎదురుగీత అవుతుంది. సేఫ్టీ రేజర్‌ను చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉంచి, దాని బరువుతోనే జారనివ్వాలి. చేయి బరువు వేయకూడదు. కార్ట్రిడ్జి తల తనంతట తానే చర్మానికి అనువుగా వంగుతుంది కాబట్టి ఈ శ్రద్ధ అవసరం తక్కువ, అది దానికున్న నిజమైన సుగుణం. చిన్న గాటు పడితే తడి పటిక అద్దుకోవడం చాలు.

ఇక ఎలక్ట్రిక్ షేవర్. జేకబ్ షిక్ అమ్మకానికి తెచ్చిన ఎలక్ట్రిక్ రేజర్ 1931 నాటిది. గుండ్రంగా తిరిగే కత్తులతో ఫిలిప్స్ వారి షేవర్ 1939లో, రేకు కింద అటూ ఇటూ కదిలే కత్తులతో బ్రాన్ వారిది 1950లో వచ్చాయి. నేటికీ ఈ రెండు రకాలే ఉన్నాయి. రేకు ఉన్న ఫాయిల్ రకాన్ని తిన్నగా, వెంట్రుకల వాలుకు ఎదురుగా నడపాలి. గుండ్రంగా తిరిగే రోటరీ రకాన్ని చిన్న చిన్న వలయాలుగా తిప్పాలి. రోజూ గీసుకునేవారికి, తొందరగా కందిపోయే చర్మానికి ఫాయిల్ నయం. వెంట్రుకలు నలుదిక్కులా పెరిగేవారికి, ఒక రోజు మానే అలవాటున్నవారికి రోటరీ కాస్త మేలు. రెంటిలోనూ సాధారణంగా ముఖం పూర్తిగా పొడిగా ఉండాలి, వెంట్రుక బిరుసుగా నిలబడితేనే చిల్లులో దూరుతుంది. స్నానం చేసి వచ్చి చెమ్మ ముఖాన షేవర్ నడిపితే రేకు చర్మానికి అంటుకుని సాగనంటుంది. కాబట్టి బ్లేడుకు స్నానం తరువాతి వేళ, షేవర్‌కు స్నానం ముందటి వేళ అనుకూలం. బ్లేడు అలవాట్లతో షేవర్ పట్టుకుని, ఇది పనికిరాదని మూలన పడేసేవారు చాలామంది ఈ ఒక్క విషయం దగ్గరే బోల్తా పడుతుంటారు. పైగా చర్మం కొత్త పద్ధతికి అలవాటు పడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మూడో రోజునే తీర్పు చెప్పడం తొందరపాటు.

ఎన్ని రోజులకొకసారి అన్న ప్రశ్న ప్రాణం పోసుకునేది ఇక్కడే. గడ్డం వెంట్రుక రోజుకు మిల్లీమీటరులో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా పెరుగుతుంది. నిన్న గీసిన గడ్డం ఇవాళ పొట్టిగా, నిటారుగా ఉంటుంది; రేకు చిల్లులకు అంతకన్నా అనువైనది లేదు. మూడు రోజులు వదిలేసిన గడ్డం ఒక మిల్లీమీటరు దాకా పెరిగి, ముఖ్యంగా దవడ కింద, చర్మానికి అణిగి పడుకుంటుంది. అప్పుడు రేకు దాని మీదుగా జారిపోతుంది గాని వెంట్రుక చిల్లులోకి రాదు. మనిషి ఏం చేస్తాడు? గట్టిగా ఒత్తుతాడు, అదే చోట పదిసార్లు తిప్పుతాడు. రేకు వేడెక్కుతుంది, మెడ ఎర్రబడుతుంది, అక్కడక్కడ నాలుగైదు పొడవాటి వెంట్రుకలు మాత్రం అలాగే నిలిచి ఉంటాయి. బ్లేడుకు ఈ ఇబ్బంది లేదు. మూడు రోజుల గడ్డాన్ని నానబెట్టి గీస్తే ఇంకా తృప్తిగానే వస్తుంది. అందువల్ల రోజూ తప్పకుండా గీసుకునేవారికి ఎలక్ట్రిక్ షేవర్, రెండు మూడు రోజులకొకసారి గీసుకునేవారికి బ్లేడు మేలని నా లెక్క. లోకంలో ఎక్కువమంది దీన్ని తలకిందులు చేసుకుంటారు: రోజూ గీసేవారు ప్రతి ఉదయం చర్మాన్ని బ్లేడుతో గీకుతారు, ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు గీసేవారు ఖరీదైన షేవర్ కొని తిట్టుకుంటారు.

చర్మం మాట వచ్చేసరికి త్రాసు షేవర్ వైపే మొగ్గుతుంది. బ్లేడు కంటికి కనబడని గాట్లు పెడుతుందన్నది వైద్యులు గట్టిగా తీసుకునే విషయం. శస్త్రచికిత్సకు ముందు వెంట్రుకలు తీయవలసి వస్తే రేజర్ వాడవద్దని, చర్మాన్ని గీకకుండా వెంట్రుకలను కత్తిరించే క్లిప్పర్‌తోనే తీయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాలలో చెప్పింది. రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారికి, చేతులు వణికేవారికి, ముఖం నిండా మొటిమలున్నవారికి ఎలక్ట్రిక్ షేవరే క్షేమం. లోపలికి పెరిగే వెంట్రుకలతో బాధపడేవారికి షేవర్ కన్నా ట్రిమ్మర్ ఇంకా నయం, అది గుర్తుపట్టీ పట్టనంత పొట్టి గడ్డం మిగిల్చి వెంట్రుక చర్మంలోకి తిరిగి దూరకుండా చూస్తుంది. ఏ పద్ధతిలోనైనా పనిముట్టును మరొకరితో పంచుకోకూడదు. బ్లేడు విషయంలో హెపటైటిస్ వంటి రక్తం ద్వారా సోకే జబ్బుల భయం ఉంది కాబట్టి ఇది ఇంటిలోని వారికి కూడా వర్తిస్తుంది.

సమయం సంగతి ఊహించినంత ఏకపక్షం కాదు. షేవర్‌తో గీసుకోవడం త్వరగా అవుతుంది గాని, తలను దులపడం, కడగడం, ఛార్జింగు చూసుకోవడం కూడా లెక్కలోకి వస్తాయి. ఖర్చు విషయంలో ఒంటి బ్లేడు రేజర్‌ను ఏదీ మించదు: పిడి ఏళ్ల తరబడి ఉంటుంది, మార్చేది చిటికెడు ఉక్కు ముక్కనే. కార్ట్రిడ్జిలు కొనే కొద్దీ జేబుకు భారం, పారేసిన ప్రతిసారీ ప్లాస్టిక్ చెత్త. షేవర్‌కు మొదటి పెట్టుబడే పెద్దది, కానీ ఏడాదిన్నర, రెండేళ్లకొకసారి రేకు, కత్తులు మార్చాలన్న సంగతి కొనేటప్పుడు ఎవరూ తలచుకోరు. ఆ విడిభాగాలు దొరకని మోడల్ ఎంత చౌకగా వచ్చినా కొనకపోవడమే మంచిది. విమాన ప్రయాణాల వారికి మరో చిక్కు: విడి బ్లేడ్లను చేతిసంచిలో తీసుకుపోనివ్వరు, షేవర్‌ను తీసుకుపోనిస్తారు.

నురగతో, తడి ముఖం మీద కూడా నడిచే షేవర్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. రెండు పద్ధతుల మేలూ కలిసి వస్తుందనుకుంటే కొంత నిరాశ తప్పదు: రేకు అలాగే ఉంటుంది గనుక నున్నదనం బ్లేడు స్థాయికి రాదు, రాపిడి మాత్రం తగ్గుతుంది. పొడిగా గీస్తే కందిపోయే చర్మం ఉన్నవారికి అవి ఉపయోగమే.

రోజూ షేవర్ వాడుతూ, వారంలో ఒక్క రోజు తీరిగ్గా బ్లేడు పట్టుకునే పద్ధతి నాకు అన్నిటికన్నా సబబుగా తోస్తుంది. అయితే షేవర్‌కు అలవాటుపడిన చేయి బ్లేడును కూడా ఒత్తబోతుంది. కాబట్టి ఆ రోజున బుగ్గల దగ్గర మొదలుపెట్టి చేతిని తేలిక చేసుకోవాలి, పైపెదవి, గడ్డం కొన తరువాత, మెడ అన్నిటికన్నా చివర. అప్పటికి అక్కడి వెంట్రుకలు నురగ కింద బాగా నాని ఉంటాయి. గీయడం అయ్యాక బ్లేడును కడిగి, నీరు దులిపి, పొడిచోట ఉంచితే వచ్చే వారానికి కూడా పనికొస్తుంది.