విజిట్‌కు ఫీజా, ఫలితానికి మార్కులా?

అమెరికాలో మెడికేర్ (ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) డాక్టర్లకు చెల్లించే పాత పద్ధతి మనకు బాగా తెలిసిన లెక్కే. ఎన్ని విజిట్లు, ఎన్ని టెస్టులు చేస్తే అంత బిల్లు. షుగర్ పేషెంట్ మళ్లీ మళ్లీ వచ్చినా క్లినిక్‌కు నష్టం లేదు. నర్సు ఫోన్ చేసి "మందులు వేసుకుంటున్నారా?" అని అడిగితే మాత్రం చాలాసార్లు పైసా రాదు.

2015 చట్టంతో వచ్చి, 2017లో మొదలైన మిప్స్ (MIPS, డాక్టర్ల పనితీరుకు స్కోరు ఇచ్చి దాన్నిబట్టి చెల్లింపు మార్చే మెడికేర్ పథకం) ఈ బిల్లు పద్ధతిని తీసేయలేదు, దాని మీద మార్కులు పెట్టింది. నాణ్యత, ఖర్చు, మెరుగుదల పనులు, ఎలక్ట్రానిక్ రికార్డుల వాడకం అన్నీ కలిపి స్కోరు. ఈ ఏటి స్కోరు ప్రభావం రెండేళ్ల తర్వాతి చెల్లింపులో కనిపిస్తుంది. కోత 9 శాతం దాకా ఉండొచ్చు. కోతపెట్టిన డబ్బునే బోనస్‌గా పంచుతారు కాబట్టి పెరిగేది సాధారణంగా చాలా తక్కువ.

అయినా పనితీరు మారుతుంది. మూడు నెలల షుగర్ సగటు (HbA1c టెస్టు) 9 శాతం దాటిన పేషెంట్లు, అసలు టెస్టే చేయించుకోనివాళ్లు స్కోరును దెబ్బతీస్తారు. అందుకే రాని పేషెంట్లను క్లినిక్కే వెతికి పిలుస్తుంది, రిపోర్టులు పోర్టల్‌లో పెడుతుంది. (అక్కడున్న మన పెద్దవాళ్ల విషయంలో ఆ పాస్‌వర్డ్ తరచుగా పిల్లల దగ్గరే ఉంటుంది!)

పేషెంటుగా నేనైతే ఫలితానికి మార్కులు వేసే పద్ధతే కోరుకుంటాను. ఒక్క డాక్టరు, ఇద్దరు సిబ్బంది ఉన్న క్లినిక్‌కు మాత్రం ఆ డేటా ఎంట్రీ నిజంగా టెన్షనే. పెద్ద ఆసుపత్రికి దానికోసం ప్రత్యేకంగా మనుషులుంటారు.