రాజమండ్రి నుంచి ఒక్కరోజు డెల్టా చరిత్ర టూరు: కాటన్ దొర దాకా సూపర్, అంతకుముందు కథే లేదు

ఊళ్ళో చిన్న ట్రావెల్స్ వాళ్ళు నడుపుతున్న టూరు ఇది, పేరు రాయట్లేదు. పొద్దున్నే కారెక్కించుకుని ధవళేశ్వరం బ్యారేజి, కాటన్ మ్యూజియం చూపించి అట్నుంచటే పాలకొల్లు, నరసాపురం తిప్పి రాత్రికి ఇంటి దగ్గర దింపేస్తారు. మనిషికి 1800, భోజనం కలిపే. నేనైతే 5కి 3.5 ఇస్తా. డబ్బులు దండగ అనను, కానీ చరిత్ర టూరు అని బోర్డు పెట్టినప్పుడు చరిత్ర 1847లో మొదలెడితే ఎలాగండీ!

ముందు బాగున్నది చెప్పేస్తా. గైడుగా వచ్చినాయన రిటైరైన మాస్టారు, ధవళేశ్వరంలో మాత్రం ఇరగదీశారు. 1847లో పని మొదలెట్టి 1852కల్లా ఆనకట్ట ఎలా పూర్తి చేశారు, మధ్యలో లంకల్ని వాడుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఎందుకు కట్టారు, పక్క కొండ రాయి ఎలా పనికొచ్చింది, అన్నీ మ్యూజియంలో మోడల్స్ దగ్గర నిలబెట్టి ఓపిగ్గా చెప్పారు. ఆనకట్ట పనిలో కాటన్‌కి కుడిభుజంగా ఉన్న వీణెం వీరన్న గారి పేరు కూడా మర్చిపోలేదు, చాలామంది ఎత్తనే ఎత్తరు ఆయన పేరు. గోదావరి స్నానం చేస్తూ కాటన్ని తల్చుకునే శ్లోకం కూడా రాగం తీసి చదివారు, అందరం ఫోన్లు పట్టుకుని వీడియోలు తీసుకున్నాం.

అప్పుడు నేను అడిగిన ప్రశ్న ఒక్కటే, మాస్టారూ మరి కాటన్ వచ్చేసరికి ఈ జిల్లా అంత దరిద్రంగా ఎందుకుందండీ అని. కరువులు, తుఫాన్లు అన్నారు, అంతే, కారెక్కమన్నారు.

కరువులు నిజమే, 1832-33 నందన కరువులో గుంటూరు వైపు ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ అయ్యాయి, 1839 తుఫాన్లో కోరంగి రేవు కొట్టుకుపోయింది, ఎవరు కాదన్నారు. కానీ 1759లో ఫ్రెంచి వాళ్ళ దగ్గర్నుంచి బందరు లాక్కుని, 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా తెచ్చుకుని, మరుసటి ఏడాది నిజాంతో సంధి రాయించుకుని సర్కార్లు, అంటే మన కోస్తా జిల్లాలు, చేతిలో వేసుకున్నది ఈస్టిండియా కంపెనీయే కదా, ఆ బేరం కుదిర్చిన దుబాసీ కాండ్రేగుల జోగిపంతులు మనూరాయనే. అంటే కాటన్ వచ్చేనాటికి వీళ్ళ పాలనకి దగ్గర దగ్గర ఎనభై ఏళ్ళు. 1802 తర్వాత శాశ్వత శిస్తు అని జమీందార్ల మీద పెద్ద మొత్తాలు వేశారు, కట్టలేని ఎస్టేట్లు వేలానికొచ్చాయి, పాడుకున్నోడు పెట్టిన డబ్బు రైతు దగ్గర పిండుకున్నాడు, చెరువులు కాలవలు పట్టించుకున్న నాథుడు లేడు. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7,38,308 ఉంటే 1841కి 5,61,041, ఇరవై ఏళ్ళలో ఇంతమంది పోయారు, చచ్చినోళ్ళు చావగా మిగతావాళ్ళు వలస. శిస్తు పడిపోతోందని కంగారుపడే మద్రాసు ప్రభుత్వం మాంట్‌గొమరీ అనే ఆఫీసర్ని పంపించింది, 1844లో ఆయన రిపోర్టు తర్వాతే కాటన్ ప్లాన్‌కి దారి దొరికింది. కాటన్ మంచోడే, పైవాళ్ళతో పోట్లాడాడు, రైళ్ళ కంటే కాలవలు మేలని ముసలితనంలో కూడా వాదించాడు. అయితే డబ్బు శాంక్షన్ చేసినోళ్ళకి అది పెట్టుబడి, తిరిగి శిస్తు రూపంలో బాగానే లాగారు. ఇదంతా చెప్తే కాటన్ చిన్నవాడైపోడు కదా, ఎందుకు దాటేస్తారో నాకర్థం కాదు.

నరసాపురం ఇంకా నిరాశ. గోదారి ఒడ్డున మాధవాయపాలెం రేవులో పంటు (నది దాటించే పెద్ద పడవ) చూపించి ఫొటోలు దిగండి అన్నారు. ఇక్కడ కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది, ఈ చుట్టుపక్కల నేసిన తెల్ల గుడ్డ సీమకి ఓడలకెత్తేవాళ్ళు, మాధవాయపాలెం పేరే వాళ్ళ నోట మడపొల్లం అయింది, మడపొల్లం అంటే అక్కడ షాపుల్లో తెలిసిన సరుకు. ఇంగ్లండు మిల్లు గుడ్డ వచ్చిపడ్డాక కంపెనీ కొనడం మానేసింది, 1830లకల్లా నేతగాళ్ళ మగ్గాలు మూలపడ్డాయి, కూలి పనికి పోయారు. ఒక్క ముక్క చెప్పలేదు. లేసు షాపుకి మాత్రం తీసుకెళ్ళారు, మిషనరీలు నేర్పిన అల్లకం, ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని అల్లితే విదేశాలకి పోతుంది, కూలి ఎంతిస్తారు అనడిగితే షాపాయన నవ్వి ఊరుకున్నారు. మా ఆవిడ టేబుల్ క్లాత్ కొంది, బాగుంది.

పాలకొల్లు భోజనం అదుర్స్, గోంగూర, పులస సీజన్ కాదు కాబట్టి మామూలు చేపల పులుసు, పెరుగు గడ్డలా ఉంది. కారు ఏసీ కూడా ఓకే.

వెళ్ళేవాళ్ళకి చెప్పేది ఏంటంటే బుక్ చేసేటప్పుడే కాకినాడ, కోరంగి కలుపుతారా అని అడగండి. డెల్టాలో ధాన్యం పండాక ఎటు పోయిందో అక్కడ తెలుస్తుంది. బర్మా కింది భాగం ఇంగ్లీషు వాళ్ళు 1852లోనే పట్టారు, భూమి లేని మనోళ్ళు ఆ రేవుల్లోనే ఓడెక్కి రంగం (రంగూన్) పోయి బియ్యం మిల్లుల్లో మూటలు మోశారు. కాలవ కింద భూమున్నోడు బాగుపడ్డాడు, లేనోడి సంగతి వేరే. ఎక్స్‌ట్రా 600 అంటున్నారట, ఇవ్వొచ్చు. ఎండాకాలం మాత్రం వద్దు, బ్యారేజి మీద నిలబడలేం.