తోట కొలనులో కలువా, తామరా?

కలువకు 35–40 సెం.మీ. వెడల్పు తొట్టి చాలు. తామరకు 60, అదీ చిల్లుల్లేని గుండ్రటిది. మూలలుంటే దుంప నుంచి పాకే కొన ఇరుక్కుంటుంది. మట్టి రెండింటికీ బంకమన్నే.

అసలు తేడా నాటడంలో ఉంది. కలువ దుంపను ఏటవాలుగా పెట్టి మొగ్గను మట్టిపైన ఉంచాలి. కాస్త మొరటుగా పట్టుకున్నా బతుకుతుంది. తామర దుంపను అడ్డంగా పడుకోబెట్టాలి. మొలక విరిగితే చాలాసార్లు దుంపే కుళ్లిపోతుంది.

మట్టిపైన నీరు: కలువకు 30–45 సెం.మీ., తామరకు 10–15.
ఎరువు: కలువకు పూతకాలంలో నెలకోసారి. తామరకు నీటిపైకి నిలిచే ఆకులు లేచాకే, తొందరపడితే వేర్లు మాడతాయి.
ఎండ: కలువకు 5 గంటలైనా సరే. తామరకు 6 దాటాలి, లేకుంటే ఆకులే మిగులుతాయి.

కొలను లోతుగా ఉండి, తీరిక తక్కువైతే కలువే మేలు. వేసవి సుదీర్ఘంగా ఉండి, విడి తొట్టి పెట్టగలిగితే తామర. దాన్ని నేరుగా కొలను అడుగున మాత్రం నాటొద్దు, మొత్తం ఆక్రమిస్తుంది.