పాఠం చెప్పే వీడియో, బంతి పడే వీడియో, మగ్గం వీడియో: ఏది మేలు?

మా వాడు తొమ్మిదో తరగతి. చీరాలలో ఉంటాం. ఏడాదిగా వాడి చేతిలో ఫోన్ ఉందంటే ఏదో ఒకటి తీస్తూనే ఉంటాడు. తీసింది కోయడం, అతకడం, పాట పెట్టడం, మళ్లీ చూసుకోవడం. ఫోన్ లాక్కుని ట్యూషన్‌లో వేయమని బంధువులు అన్నారు. నాకు మనసొప్పలేదు. అంత ఓపికగా వాడు ఇంకే పనీ చేయడం నేను చూడలేదు. ఆ ఓపికనే చదువు వైపు తిప్పుదామని మూడు రకాల వీడియోలు తీయించి చూశాను.

మొదటిది పాఠం చెప్పే వీడియో. పుస్తకం చదువుకుని, కెమెరా ముందు నిలబడి వివరించడం. పైకి చూస్తే ఇదే అసలైన చదువులా ఉంటుంది. తాతయ్య, అమ్మమ్మ మురిసిపోయారు. మొక్కల కణజాలం మీద మూడు నిమిషాల వీడియో చేశాడు. రంగురంగుల అక్షరాలు, వెనక మ్యూజిక్, అన్నీ కుదిరాయి. పది రోజుల తర్వాత దారువు (జైలెం) ఏం చేస్తుంది, పోషక కణజాలం (ఫ్లోయెం) ఏం చేస్తుంది అని అడిగితే తడబడ్డాడు. తప్పు వాడిది కాదు. పుస్తకంలోని వాక్యాలను కెమెరాకి అప్పజెప్పాడు, అంతే. టైమంతా అక్షరాల రంగులకే పోయింది. ఒక్క లాభం మాత్రం ఒప్పుకోవాలి: నిమిషంలో ఎన్ని మాటలు పడతాయో తెలిసింది. వంద దాటితే పరుగెత్తాల్సిందే. దాంతో అనవసరమైన మాట కొట్టేయడం అలవాటైంది, తెలుగు పరీక్షలో సొంతంగా రాసే జవాబులు కాస్త చిక్కబడ్డాయి.

రెండోది బంతి పడే వీడియో. మా పెరటి గోడ మీద టేపుతో కొలిచి రెండు మీటర్ల ఎత్తున సుద్దముక్కతో గీత గీశాడు. అక్కడి నుంచి టెన్నిస్ బంతి వదలడం, ఫోన్‌తో తీయడం. మామూలు వీడియోలో సెకనుకు 30 ఫ్రేములు, అంటే 30 విడి బొమ్మలు. బంతి వదిలిన దగ్గర్నుంచి నేలని తాకేదాకా ఒక్కో ఫ్రేమూ జరుపుతూ లెక్కపెట్టాడు, 20 వచ్చాయి. అంటే 0.667 సెకను. దూరాన్ని రెట్టింపు చేసి కాలం వర్గంతో భాగిస్తే గురుత్వ త్వరణం (పడే వస్తువు వేగం సెకనుకు ఎంత పెరుగుతుందో ఆ లెక్క) 9 వచ్చింది.

"అమ్మా, పుస్తకంలో 9.8 కదా, నాది తప్పా?" అని మొహం చిన్నబుచ్చుకున్నాడు. మళ్లీ లెక్కపెడితే ఈసారి 19. జవాబు దాదాపు 10. ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయితే 9 కాస్తా 10 అవుతోంది! అక్కడ వాడి కళ్లు వెలిగాయి. తప్పు లెక్కలో లేదు, కొలిచే సాధనం అంత మొరటుగా ఉంది. స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు పెట్టి తీస్తే 153 వచ్చాయి, జవాబు 9.84. ఇప్పుడు ఒక ఫ్రేము ఎక్కువ లెక్కపెట్టినా 9.7 దగ్గరే ఆగుతుంది. (మీ పిల్లలతో చేయిస్తే ఒకటి గుర్తుంచుకోండి: స్లో మోషన్ వీడియో ఫోన్‌లో నెమ్మదిగా ఆడుతుంది కాబట్టి తెర మీద కనిపించే సెకన్లు నమ్మకూడదు. ఫ్రేములు లెక్కపెట్టి 240తోనే భాగించాలి.)

కొలతలో దోషం అనే మాటని ఇక వాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. భౌతికశాస్త్రం వరకు ఈ పద్ధతికి సాటి లేదనే అంటాను. ఖర్చు ఒక బంతి, ఒక టేపు, ఒక సాయంత్రం.

ఇదే వరసలో విత్తనం మొలకెత్తడాన్ని రోజుకో ఫొటో చొప్పున తీయడం కూడా బాగుంటుంది. దాదాసాహెబ్ ఫాల్కే 1913లో తన మొదటి కథాచిత్రం విడుదల చేయడానికి ముందు బఠానీ మొక్క ఎదుగుదలని అలాగే తీసి చూపించాడు. మా వాడు నాలుగో రోజుకే మానేశాడు. ఎదురుచూసే పిల్లలకే అది పనికొస్తుంది.

మూడోది మగ్గం. మా వీధిలో ఒక తాతగారు గుంట మగ్గం మీద నేస్తారు. వీడు ఫోన్ పట్టుకుని వెళ్లి ఒక నిమిషం తీశాడు. ఇంటికొచ్చి నెమ్మదిగా ఆడించి లెక్కపెడితే నాడె (అడ్డం పోగుని మోసే సాధనం) 45 సార్లు దాటింది. దాటినప్పుడల్లా ఒక పోగు. బట్ట మీద స్కేలు పెట్టి దగ్గరగా తీసిన ఫొటోలో అంగుళానికి 60 పేక పోగులు, అంటే అడ్డం పోగులు. అయిదున్నర మీటర్ల చీర అంటే దాదాపు 216 అంగుళాలు. అంటే సుమారు 13,000 పోగులు! నిమిషానికి 45 చొప్పున అయిదు గంటల లోపే అయిపోవాలి. ఆ లెక్క పట్టుకుని తాతగారి దగ్గరికి వెళ్తే ఆయన నవ్వారు.

"రెండు రోజులు పడుతుందిరా అబ్బాయ్. పోగు తెగితే ఎవరు ముడేస్తారు? నాడెలో దారం కండె మార్చొద్దూ?"

వీడు ఊరుకోలేదు. మర్నాడు గంటసేపు ఏకబిగిన తీశాడు. నాడె నిజంగా కదిలింది ఆ గంటలో 25 నిమిషాలే. ఆ లెక్కన చీరకి పన్నెండు గంటలు, రోజుకి ఆరు గంటలు కూర్చుంటే రెండు రోజులు. తాతగారి మాటా, వీడి లెక్కా కలిశాయి. సగటు, నిష్పత్తి అనే పాఠాలు ఆ గుంట పక్కనే వచ్చేశాయి.

ఆ మాటల్లోనే చీరాల-పేరాల సంగతీ వచ్చింది. 1921లో పెరిగిన మునిసిపల్ పన్నులు కట్టేది లేదని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఊరు ఖాళీ చేసి, మునిసిపాలిటీ హద్దు బయట రామనగర్‌లో పాకలు వేసుకున్నారు. తన తాత కూడా ఆ పాకల్లో ఉన్నాడని, ఏడాది పైనే ఉన్నారని ఈయన చెప్పారు. పుస్తకంలో సుమారు 11 నెలలని ఉంది. వీడియోలో ఏది పెట్టాలి? ఆ ఒక్క ప్రశ్న మీద వాడు రెండు రోజులు కొట్టుకున్నాడు. చివరికి తాతగారి గొంతు అలాగే ఉంచి, కింద అక్షరాల్లో పుస్తకం లెక్క వేశాడు. నేను సలహా ఇవ్వలేదు.

అందుకే నన్నడిగితే మగ్గం వీడియోకే నా ఓటు. కష్టం మాత్రం దానికే ఎక్కువ: నాలుగు ఆదివారాలు పట్టింది, తాతగారి పనికి అడ్డం పడకుండా ఆయన వీలు చూసుకుని వెళ్లాలి, అనుమతి లేకుండా ఆయన మొహం ఎక్కడా పెట్టకూడదు. నెలకొకటి కంటే కుదరదు. బంతి వీడియో వారానికొకటి చేయించొచ్చు. పాఠం చెప్పే వీడియో పరీక్షల ముందు, అదీ పుస్తకం మూసి చెప్పగలిగితేనే.

ట్యూషన్ పూర్తిగా మానిపించలేదు. వచ్చే ఏడాది పదో తరగతి, జవాబు కాగితం మీదే రాయాలి. దానికి చేయి తిరగాలి, వీడియోతో రాదు. గణితానికి వారంలో మూడు రోజులు వెళ్తున్నాడు. చేసిన వీడియోలు నెట్‌లో పెట్టడం మాత్రం ప్రస్తుతానికి వద్దన్నాను. ఒకసారి పెట్టాక వ్యూస్ ఎన్నొచ్చాయా అని టెన్షన్ తప్ప వాడికి ఇంకో ధ్యాస లేకపోయింది.

ఈ ఆదివారం నాడె చప్పుడు విడిగా రికార్డు చేయాలట. వీధి చివర నుంచి తీస్తే బొమ్మ ముందు, చప్పుడు తర్వాత వస్తాయా అని చూడాలట. టేపు పొడవు చాలదని ఇప్పుడే తాడు అడిగి తీసుకెళ్లాడు.