చీమకుర్తి బండ మీద టర్న్‌టేబుల్: కొన్నేళ్ల వాడకం తర్వాత

ముందు తీర్పు చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. టర్న్‌టేబుల్ (రికార్డు తిప్పి పాట వినిపించే యంత్రం) కింద గెలాక్సీ గ్రానైట్ బండ పెడితే ఉపయోగం ఉంది. కాకపోతే పాటకే కొత్త తీపి వస్తుందని మా ఒంగోలు ఆడియో పిచ్చోళ్లు చెప్పుకునేదాంట్లో పదో వంతే నిజం. మిగతా తొమ్మిది వంతులూ ఆదివారం సాయంత్రం కబుర్లు.

ఆ కబుర్లకు మూలపురుషుడు చీమకుర్తి అన్న. ఆయన అక్కడ ఒక పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ వాళ్ల ఊరిదే కదా, దాంతో చేయలేని పని లేదని ఆయన నమ్మకం. కటింగ్‌లో మిగిలిన ముక్క ఒకటి, అంచులు నున్నగా చేయించి ఆటోలో మా ఇంటికి పంపాడు. అడుగున్నర పొడవు, అంతకు కాస్త తక్కువ వెడల్పు, మూడు సెంటీమీటర్ల మందం. పద్నాలుగు కిలోల దాకా తూగింది. మా ఆవిడ చూసి, "చపాతీలకు బ్రహ్మాండంగా ఉంటదండీ" అంది. ఫిజిక్సు చెప్పి రిటైరైన మా మాస్టారు చుట్టూ తిరిగి చూసి, "అంతా బానే ఉంది, పేరూ తేదీ చెక్కించలేదే" అన్నారు. ఈ రాయి సమాధులకు కూడా ఎగుమతి అవుతుందని ఆయనకు తెలుసు, అందరికీ తెలియాలని ఆయన తాపత్రయం.

అసలు బండ ఎందుకంటే, రికార్డు గాడిలో సూది కదిలేది మైక్రాన్ల లెక్కలో. ఆ కదలికను కార్ట్రిడ్జ్ (సూది బిగించి ఉండే చిన్న డబ్బీ) కొద్ది మిల్లీవోల్టులుగా మారిస్తే, దాన్ని ఫోనో స్టేజి అనే ఆంప్లిఫయర్ పెంచుతుంది. రికార్డు మీద గాడి కోసేటప్పుడు బాస్ (లోతైన స్వరాలు) తగ్గించి కోస్తారు కాబట్టి వినేటప్పుడు అంతకంత పెంచాలి. 1950ల నుంచి అందరూ పాటిస్తున్న ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) లెక్క ప్రకారం 20 హెర్ట్జ్ దగ్గర ఈ పెంపు, మధ్య స్వరాలతో పోలిస్తే, 19 డెసిబెల్స్ పైన. వోల్టేజీలో తొమ్మిది రెట్లు. సూదికి పాటేదో బల్ల ఊపేదో తెలియదు కదా. బల్ల కదిలినా అదే తొమ్మిది రెట్లతో స్పీకర్లోకి వస్తుంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. పరాయి దేశాల వాళ్లు రాసే సలహాలన్నీ చెక్క నేలల ఇళ్లవి. అక్కడ మనిషి నడిస్తే నేల ఊగుతుంది, సూది ఎగురుతుంది. మనది కాంక్రీటు స్లాబు, దాని మీద టైల్సు. నేను కాదు, మా బావమరిది గెంతినా ఆ నేల కదలదు. మన ఇళ్లల్లో ఊగేది బల్ల. నా బల్ల పార్టికల్ బోర్డుది, కాళ్లు సన్నం, చెయ్యి ఆనిస్తే చాలు. కాబట్టి బండ చేసిన మేలు రాతి మహిమ వల్ల వచ్చింది కాదు, బరువు వల్ల వచ్చింది. తేలికపాటి బల్ల మీద పద్నాలుగు కిలోలు పడేసరికి అది బుద్ధిగా నిలబడింది. (కొన్నాళ్లకు మధ్యలో వంగింది కూడా. టేకు బల్ల చేయించాక గానీ మనసు కుదుటపడలేదు.)

మీ ఇంట్లో పరీక్ష ఇలా చేసుకోండి. మోటారు ఆపేసి, ఆగి ఉన్న రికార్డు మీద సూది దించి, వాల్యూమ్ మామూలుగా వినేంత పెట్టి, బల్లను వేలి కణుపుతో తట్టండి. ఉత్త బల్ల మీద ఉన్నప్పుడు నా స్పీకర్లు "ధబ్" అని కోన్‌తో సహా ఎగిరేవి. బండ పెట్టాక ఆ ధబ్ బాగా తగ్గింది గానీ, బండనే తడితే "టింగ్" అని గంటలా మోగింది. గట్టి రాయి కదా, ఊపును మింగదు, మోగుతుంది. చీమకుర్తి అన్న ముందు ఈ మాట అనకూడదు. అంటే ఆ సాయంత్రానికి పాట ఉండదు.

అన్న లేనప్పుడు బండ కింద రకరకాలవి పెట్టి చూశాను. టెన్నిస్ బంతి సగాలు పెడితే మరీ మెత్తనై టర్న్‌టేబుల్ పడవెక్కింది. సైకిల్ ట్యూబు మడతలు ఫరవాలేదు గానీ ఎండాకాలం బల్లకు అతుక్కుపోతాయి. చివరికి నిలిచింది వాషింగ్ మెషిన్ కింద వేసే రబ్బరు ముక్కలే. అవి నాలుగు మూలలా వేశాక టింగ్ కూడా చాలావరకు పోయింది. ఆర్మూ (కార్ట్రిడ్జ్‌ని మోసే కడ్డీ) కార్ట్రిడ్జూ కలిసి మామూలుగా 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య సహజంగా ఊగుతాయి, కింద వేసే మెత్తనిది సరిగ్గా అదే వేగంతో ఊగితే మంచికి పోయి చెడు తెచ్చుకున్నట్టే అని మాస్టారు హెచ్చరించారు. ఆయన ఆ మాట చెప్పి వదలరు, బోర్డు లేని లోటు మా గోడమీద తీర్చుకోబోతారు.

ఇక పలకల ఊరు మార్కాపురం నుంచి వచ్చే మామ సంగతి. ఆయన ఒక ఆదివారం బ్యాగులోంచి పెద్ద పలక తీశాడు. చిన్నప్పుడు మనం అఆలు దిద్దిన పలకల రాయే, మందం ఎక్కువ. "మీది వంటగట్టు రాయి, మాది చదువుకున్న రాయి" అన్నాడు. చీమకుర్తి అన్న కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. మామ అక్కడితో ఆగలేదు. గెలాక్సీ అసలు గ్రానైటే కాదనీ, భూగర్భ శాస్త్రం లెక్కలో గాబ్రో, నోరైట్ జాతి రాయనీ, ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజమనీ అందుకున్నాడు. నిజమే. అయినా పెళ్లిలో పిల్ల కులగోత్రాలు తీసినట్టు అంతమందిలో తీస్తారా!

తట్టి చూస్తే పలక "టక్" మని ఊరుకుంటుంది, మోగదు. పొరలుపొరలుగా ఉండే రాయి కాబట్టి ఊపు లోపలే చస్తుంది. ఈ ఒక్క గుణంలో నా ఓటు పలకకే. కానీ పలక తేలిక, నా పాత బల్ల మీద అది నిలవలేదు.

ఏది గొప్పో తేల్చాలని అందరం గోడవైపు తిరిగి కూర్చున్నాం, మా బావమరిది రాళ్లు మారుస్తాడు. పరీక్షకు పెట్టింది నాదస్వరం రికార్డు. ఒంగోలు పక్కనే కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా వాయిస్తుంటే వేరే రికార్డు ఎవరు పెడతారు? పైగా డోలు దెబ్బలో బల్ల గుట్టు బయటపడుతుంది. ప్లానంతా బాగుంది. కానీ రాయి మార్చిన ప్రతిసారీ రసమట్టం పెట్టి లెవెల్ చూడాలి, సూది బరువు సరిచూడాలి. ఆ సందులో మాట పొగాకు వేలం ధరల మీదికి పోయింది, అక్కడి నుంచి సుబాబుల్‌కి, అక్కడి నుంచి మైసూర్‌పాక్ మెత్తగా ఉండాలా గుల్లగా ఉండాలా అన్నదానికి. మళ్లీ పాట మొదలయ్యేసరికి ముందు విన్నది ఎలా ఉందో ఒక్కరికీ గుర్తులేదు. చీమకుర్తి అన్న మాత్రం, "బండ పెట్టినప్పుడు డోలాయన రెండడుగులు ముందుకొచ్చాడబ్బా" అన్నాడు. "ముందుకు జరిగింది నువ్వే, నీ కుర్చీ చూసుకో" అన్నారు మాస్టారు.

ఇప్పుడు నా దగ్గర టేకు బల్ల, దాని మీద రబ్బరు ముక్కలు, వాటి మీద బండ, బండ మీద పలక, ఆ పైన టర్న్‌టేబుల్. రెండు ఊళ్లకూ న్యాయం జరిగింది. తట్టుడు పరీక్షలో స్పీకర్లో దాదాపు ఏమీ రాదు. గొంతులో తీపి పెరిగిందా, పాట వెనక నిశ్శబ్దం చిక్కబడిందా అంటే నాకు తెలిసి లేదు. పక్కింటి బోరు మోటారు వేసినప్పుడు వచ్చే గుర్రుమనే చప్పుడు కూడా పోలేదు. అది కరెంటు దారిన వస్తుంది, దానికి ఏ ఊరి రాయీ పనికిరాదు.

ఇబ్బందులు: దులపడానికి ఒక్కరే ఎత్తొద్దు, కాలి వేళ్లు జాగ్రత్త. నల్ల పాలిష్ మీద దుమ్మూ వేలిముద్రలూ పట్టించి ఇస్తాయి.

కావాలనుకుంటే ఫ్యాక్టరీలో వంటగట్టు ముక్క అని అడగండి. టర్న్‌టేబుల్ కోసమని నోరు జారారో, "అంటే ఏందన్నా?" అని అడుగుతారు. మీరు చెప్పడం అయ్యేలోపు ఆ ముక్క నిజంగానే ఎవరి వంటగట్టుకో వెళ్లిపోతుంది.