బండల మిషన్ స్క్రూకి స్క్వేర్ త్రెడ్డా, ట్రాపిజాయిడలా? ఏది మేలు?

తాడిపత్రి, బేతంచెర్ల పక్క బండల యూనిట్లు ఉన్నోళ్ళు కటింగ్ మిషన్ హెడ్డు పైకీ కిందకీ జరిపే స్క్రూ అరిగిపోతే లేత్ షాపుకి పోయి "పాతదాని మాదిరే చేసియ్యన్నా" అంటారు, పాతది స్క్వేర్ త్రెడ్ (పల్లు చదరంగా ఉండేది) అయితే మళ్ళీ అదే వస్తాది. చేయించే ముందు ఒకసారి ఆలోచించండి.

బోల్టుకుండే వి త్రెడ్ ఈ పనికి అస్సలొద్దు. దాని 60 డిగ్రీల కోణం వల్ల రాపిడి స్క్వేర్ కంటే 15 శాతం దాకా ఎక్కువ, బిగించి వదిలేసే చోట ఆ రాపిడే మనకి కావాల్సింది, రోజూ తిప్పే చోట మాత్రం నట్టు తొందరగా అరిగిపోతాది.

స్క్వేర్ చానా తేలిగ్గా తిరుగుతాది, నట్టును పక్కలకి తోసే బలం కూడా ఉండదు, అందుకే స్క్రూ జాకీలకి బాగుంటాది. కానీ పల్లు పక్కలు నిటారుగా ఉంటాయి కాబట్టి లేత్ మీద టూలు రెండు పక్కలా రాసుకుంటా పోతాది, మిస్త్రీకి చేయి తిరిగుండాల. ఇంకోటి, మన దగ్గర బండ పొడి నీళ్ళతో కలిసి బురదై త్రెడ్డు మూలల్లో చేరి, సెలవు రోజు ఎండి సిమెంటు మాదిరి గట్టిపడతాది. మళ్ళీ తిప్పితే అదే ఆకురాయి లెక్క పల్లుని కోసేస్తాది, అట్లా ఆట (నట్టుకీ స్క్రూకీ మధ్య వదులు) వచ్చినాక నట్టు మార్చడం తప్ప దారి లేదు.

ట్రాపిజాయిడల్ అంటే పల్లు మొదలు వెడల్పుగా, కొస సన్నంగా ఉండేది. దీనికి కోణం 30 డిగ్రీలు, దీని అన్న లాంటి, ఇంచుల కొలతల్లో వచ్చే ఆక్మే త్రెడ్డుకి 29. రాపిడి స్క్వేర్ మీద మూడున్నర శాతమే ఎక్కువ, చేతికి తేడా తెలీదు. 6 మిల్లీ పిచ్‌లో (అంటే పల్లుకీ పల్లుకీ దూరం) స్క్వేర్ పల్లు మందం మొదలు దగ్గర 3 మిల్లీ అయితే దీనికి 4 దగ్గరుంటాది, అంత బలం. పక్కలు వాలుగా ఉన్నాయి కాబట్టి నట్టు రెండు చెక్కలుగా చేయించుకుంటే ఆట వచ్చినప్పుడు దగ్గరికి బిగించుకోవచ్చు, లేత్‌లో టూలుని జరిపే లీడ్ స్క్రూ మీద హాఫ్ నట్టు (రెండు చెక్కల నట్టు) పట్టుకునేది కూడా ఇట్లాంటి వాలు పల్లు మీదే.

నేనైతే ట్రాపిజాయిడలే చేయించమంటా. 30 వ్యాసం, 6 పిచ్, సింగిల్ స్టార్ట్ (ఒకే త్రెడ్డు చుట్టుకుంటా పోయేది) అని చెప్పండి, త్రెడ్డు స్క్రూ చుట్టూ ఎక్కే వాలు 4 డిగ్రీలే కాబట్టి హ్యాండిల్ వదిలినా హెడ్డు దానంతటది దిగదు. నట్టు గన్‌మెటల్‌ది (ఒక రకం కంచు, స్క్రూ ఉక్కు కంటే మెత్తన) పెట్టించండి, అరిగితే అదే అరగాల, స్క్రూ కాదు.