ఝాలంగ్‌లో ఉండాలా, బిందులోనా?
ఇవి పశ్చిమ బెంగాల్ ఉత్తరాన, భూటాన్ సరిహద్దు దగ్గరున్న రెండు కొండ ఊళ్లు. న్యూ మాల్ జంక్షన్ రైల్వే స్టేషన్‌లో దిగి చాల్సా టీ తోటలు, చాప్రామారి అడవి దాటుకుంటూ వెళ్తే ముందు ఝాలంగ్ వస్తుంది, ఇంకా పైకెళ్తే బిందు, రెండూ జల్‌ఢాకా నది ఒడ్డునే. నన్నడిగితే రాత్రి ఉండటానికి ఝాలంగే బెటర్, ఏటి పక్కనే ఫారెస్ట్ వాళ్ల కాటేజీలున్నాయి, పడుకున్నా నీళ్ల సౌండ్ వినిపిస్తూనే ఉంటుంది, కాకపోతే అక్కడ చూసేదేం లేదు, రాళ్ల మీద కూర్చోవడమే పని. బిందులో బ్యారేజీ ఉంది, ఏరు దాటితే భూటానే, యాలకుల తోటలు కూడా ఉన్నాయి, కానీ చలికాలం సెలవుల్లో పగలు పిక్నిక్ బ్యాచ్‌లు దిగుతాయి (సాయంత్రానికి సర్దుకుంటారులే). అందుకే బిందుకి పొద్దున్నే వెళ్లొచ్చేసి మకాం మాత్రం ఝాలంగ్‌లో పెట్టుకోండి. వానాకాలం మాత్రం రెండూ వద్దు, కొండచరియలు పడి రోడ్డు ఆగిపోతే ఇరుక్కుంటారు.